నత్త విస్తరిలో ఎన్ని రకాలు?

తీరపు రాళ్లను అంటిపెట్టుకుని బతికే మేత జీవుల ఎదుగుదలకూ, అక్కడ పెరిగే సముద్రపు నాచు రకాలకూ ఉన్న సంబంధం

విశాఖపట్నం తెన్నేటి పార్కు దిగువన, అమావాస్యకో పున్నమికో దగ్గరి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, నల్లటి రాళ్ల మీద ఒక తోట బయటపడుతుంది. అన్నిటికన్నా పైన, ఎండకు కాలే రాతి పగుళ్లలో సెనగగింజంత నత్తలు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. కొంచెం కిందికి దిగితే పాలకూర రేకులకన్నా పలుచగా, అంతకన్నా పచ్చగా ఉల్వా. అలలు నేరుగా కొట్టే అంచున గరుకైన ఆకుపచ్చ కుంచెల్లా కీటోమార్ఫా. ఇంకా కింద ఎరుపు, ఊదా రంగుల్లో గ్రాసిలేరియా, హిప్నియా. విసనకర్రలా విచ్చుకున్న గోధుమ రంగు పాడైనా. చివరగా, నీరు దాదాపు ఎప్పుడూ వదలని చోట, చిన్న గాలి తిత్తులతో ఊగే సర్గాసమ్.

షికారుకు వచ్చినవాళ్లలో చాలామందికి ఇదంతా ఒకటే మాట: పాచి. కాలు జారుతుందని పిల్లలను వెనక్కి లాగుతారు. ఆ రాళ్ల మీదే మేసి బతికే నత్తలకు, టోపీ బోర్లించినట్టుండే లింపెట్లకు, సీ అర్చిన్లకు, రొయ్యల చుట్టాలైన చిన్న చిన్న ఆంఫిపాడ్లకు మాత్రం అదే విస్తరి. అందులో ఎన్ని రకాలు వడ్డించి ఉన్నాయన్నదాన్ని బట్టి అవి ఎంత తింటాయో, ఎంత పెరుగుతాయో మారుతుంది. ఎలా మారుతుందన్నది పైకి కనిపించినంత తేలిక లెక్క కాదు.

ఈ రాళ్లకు శాస్త్రంలో మంచి చరిత్రే ఉంది. ఆంధ్రా విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరపు నాచుల మీద చేసిన అధ్యయనం 1964లో 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వచ్చింది. ఏ నాచు ఏ ఎత్తులో, ఏ నెలల్లో పెరుగుతుందో అందులో ఉంది. ఆ తరవాత ఉమామహేశ్వరరావు వర్ణించిన ఒక ఎర్ర నాచుకు ఈ ఊరి పేరే స్థిరపడింది: లయగోరా విశాఖపట్నమెన్సిస్. జంతుశాస్త్రం వైపు నుంచి ఎం. బాలపరమేశ్వరరావు, పి. ఎన్. గణపతి ఇక్కడి సెల్లానా రేడియేటా అనే లింపెట్‌ను పట్టుకున్నారు. 1971లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం, ఒకే జాతి అయినా పై రాళ్ల మీద ఉండేవాటి చిప్ప ఎత్తుగాను, కింది రాళ్ల మీద ఉండేవాటిది చదునుగాను ఉంటుంది. ఒకరు మేతను చదివారు, మరొకరు మేసేదాన్ని చదివారు. ఆ రెంటి మధ్య లెక్కను తేల్చిన పేరున్న ప్రయోగాలు ఎక్కువగా ఇతర దేశాల తీరాల్లో జరిగాయి. వాటిని విశాఖ రాళ్ల పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

రాయి ఉన్నచోటే

ముందు ఒక చిన్న ప్రశ్న. ఈ తోట విశాఖలోనే ఎందుకు? కోల్‌కతా పక్కన, హౌరా దాటగానే వచ్చే స్టేషను లిలువా. రైల్వే వర్క్‌షాపుతో పేరు తెచ్చుకున్న ఊరు. దానికి కాస్త తూర్పున హుగ్లీ. అక్కడా నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. అయినా ఆ ఒడ్డున సర్గాసమ్ లేదు, గ్రాసిలేరియా లేదు. నీటిలో ఉప్పు తక్కువ, ఒండ్రు ఎక్కువ. ఘాట్ల మెట్ల మీద పలుచని ఆకుపచ్చ పొర కనిపిస్తుంది, అంతే. సముద్రపు నాచుకు వేళ్లుండవు. అడుగున ఉండే పట్టుతో గట్టి వస్తువును కరుచుకుని నిలబడాలి. బురదను కరుచుకుంటే నిలిచేది లేదు. ఇంకా దక్షిణాన సుందర్బన్స్‌లో మడ చెట్ల ఊపిరి వేళ్లే రాళ్ల పాత్ర పోషిస్తాయి. కాటెనెల్లా, బోస్ట్రికియా అనే చిన్న ఎర్ర నాచులు వాటికి చుట్టుకుని పెరుగుతాయి. లిట్టొరేరియా నత్తలు చెట్ల మొదళ్ల మీదికి ఎక్కి అక్కడి పొరలను గీరుకు తింటాయి.

హౌరా నుంచి విశాఖకు రైలు దారి సుమారు 880 కిలోమీటర్లు. ఆ దారి వెంట ఉన్న తీరంలో అధిక భాగం ఇసుక, నదీ ముఖాలు, బురద. తూర్పు కనుమల కొండలు నేరుగా సముద్రంలోకి దిగే విశాఖ, భీమిలి ప్రాంతానికి వచ్చాకే విస్తారమైన రాతి తీరం దొరుకుతుంది. అందుకే ఈ కొద్ది కిలోమీటర్ల రాయి మీద ఇన్ని రకాల నాచులు కిక్కిరిసి ఉన్నాయి. వాటిని మేసేవి కూడా.

కొబ్బరి కోరు, ఇనుప పళ్లు

లింపెట్ నోటిలో నాలుకలాంటి పొడవైన పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరు రాడ్యులా. దాని మీద వరసలు వరసలుగా పళ్లు. కొబ్బరి కోరును తలకిందులు చేసి, కొబ్బరి చిప్పను కదలనీయకుండా కోరునే తిప్పినట్టు ఊహించుకోవచ్చు. రాతిని గీరి, దాని మీది కంటికి కనిపించని సూక్ష్మ నాచు పొరను, అప్పుడే మొలకెత్తిన నాచు పిల్లలను అది ఊడ్చి తింటుంది. రాతి పొడి కూడా కొంత లోపలికి పోతుంది.

ఆ పళ్లలో ఉన్నది ఇనుము. గోథైట్ అనే ఇనుప ఖనిజపు నానో పోగులు వాటి నిండా ఉంటాయి. (ఖనిజాలంటే ప్రాణమిచ్చిన జర్మన్ కవి గేథే పేరే దానికి పెట్టారు. తన పేరు నత్త పళ్లలోకి చేరుతుందని ఆయన ఊహించి ఉండడు.) 2015లో బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆసా బార్బర్ బృందం అక్కడి సాధారణ లింపెట్ పంటిని సాగదీసి కొలిచింది. తెగడానికి ముందు అది తట్టుకున్న ఒత్తిడి 3 నుంచి 6.5 గిగాపాస్కల్స్. సాలెపురుగు దారాన్ని మించిన బలం.

ఇంత పదునైన పనిముట్టు ఉన్నా లింపెట్ ఏది పడితే అది తినలేదు. 1982లో రాబర్ట్ స్టెనెక్, లెస్ వాట్లింగ్ మేత నత్తల నోళ్లను, నాచుల గట్టిదనాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. కొన్ని నత్తల రాడ్యులా చీపురులా పనిచేస్తుంది. మెత్తని పొరను ఊడ్చగలదు, గట్టిదాన్ని కదల్చలేదు. కొన్నింటిది పొలంలో లాగే గొర్రులాంటిది. పోగుల్లాంటి నాచులను చీల్చగలదు. లింపెట్లది, కైటన్లది ఉలి. తోలులాంటి నాచును, సున్నం పట్టిన నాచును కూడా చెక్కగలదు. అంటే ఒకే రాతి మీద మూడు రకాల నత్తలు మూడు వేర్వేరు భోజనాలు చేస్తుంటాయి. ఉల్వా మందం రెండు కణాల వరుసలు మాత్రమే, దాన్ని దాదాపు అందరూ కొరకగలరు. పక్కనే పెరిగే ఆంఫిరోవా, జానియా సున్నంతో గట్టిపడిన ఎర్ర నాచులు. వాటిని తిని అరిగించుకోవడం రాయితో పప్పు వండుకోవడం లాంటిది.

మరో ఖర్చు కూడా ఉంది. నత్త నడవాలంటే జిగురు కావాలి. బ్రిటన్ లింపెట్ల మీద జరిగిన కొలతల ప్రకారం, అవి తిన్న ఆహారపు శక్తిలో దాదాపు నాలుగో వంతు పాదపు జిగురుకే పోతుంది. జమాఖర్చుల మాటలో చెప్పాలంటే, ఎదుగుదల అనేది రాబడి కాదు, ఖర్చులు పోగా మిగిలింది. మంచి మేత కోసం ఎక్కువ దూరం పాకితే ఆ మిగులు తరుగుతుంది. అందుకే మేత రకం ఎంత ముఖ్యమో, అది ఎంత దగ్గరలో ఉందన్నదీ అంతే ముఖ్యం. కాలిఫోర్నియా తీరంలోని లోటియా జైగాంటియా అనే పెద్ద లింపెట్ ఈ ఖర్చులో కొంత వెనక్కి రాబట్టుకుంటుంది. అది తన జాగాలో వదిలిన జిగురు మీద సూక్ష్మ నాచు మరింతగా పెరుగుతుందని 1984లో కానర్, క్విన్ అనే పరిశోధకులు చూపించారు.

చేదు, కారం, విషం

నాచులు కదలలేవు కాబట్టి చేతికి దొరికిన రసాయనాలతో కాచుకుంటాయి. గోధుమ నాచుల్లో ఫ్లోరోటానిన్లు ఉంటాయి, మన టీ ఆకులో వగరుకు కారణమైన టానిన్ల వరుసవే. డిక్టియోటాలో డైటర్పీన్లు. కాలర్పాలో కాలర్పెనైన్. మెత్తని ఉల్వా కూడా పూర్తిగా నిరాయుధ కాదు. దానిలోని డీఎంఎస్‌పీ అనే పదార్థం, కణజాలం చితికినప్పుడు విడిపోయి అక్రిలిక్ ఆమ్లంగా మారుతుంది. కొన్ని సీ అర్చిన్లు ఆ రుచికి వెనక్కి తగ్గుతాయి.

ఈ ఆయుధాలు ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండవు. స్వీడన్ తీరంలో హెన్రిక్ పావియా, గునిల్లా తోత్ ఆస్కోఫిలమ్ అనే గోధుమ నాచును చిన్న నత్తల చేత మేయించారు. కొద్ది వారాల్లో మేసిన మొక్కల్లో ఫ్లోరోటానిన్లు పెరిగాయి, నత్తలు వాటిని తినడం తగ్గించాయి. నీటి ద్వారా సంకేతం అందితే, ఇంకా ఎవరూ కొరకని పక్క మొక్కలు కూడా ముందే సిద్ధపడతాయని 2000లో వారు ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. నిన్న తినదగిన నాచు రేపటికి చేదెక్కవచ్చు. ఒక్క దాని మీదే ఆధారపడ్డ నత్తకు ఇది కష్టకాలం. పక్కనే రెండో రకం ఉంటే అటు జరుగుతుంది.

పోషకాల్లోనూ తేడాలు పెద్దవే. కొన్ని ఎర్ర నాచుల్లో ప్రొటీన్ పొడి బరువులో మూడో వంతు దాటుతుంది. గోధుమ నాచుల్లో సాధారణంగా 15 శాతం లోపే. ఎర్రవాటిలో పొడవైన కొవ్వు ఆమ్లాలు మెండు, ఉల్వాలో అవి తక్కువ. ఉల్వా సులువుగా నోటికి దొరుకుతుంది, ఎర్రది ఒంటికి పడుతుంది, గోధుమది ఏడాదిలో ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది. అన్నం, పప్పు, ఊరగాయ ఒకదానికొకటి బదులు కావు కదా.

కలిపి పెడితే?

దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగాల్లో గువామ్ ద్వీపంలో జరిగినది ఒకటి. స్టీవెన్ పెన్నింగ్స్, ఆయన సహచరులు డోలబెల్లా అనే సముద్రపు కుందేలుకు (చెవుల్లాంటి కొమ్ములున్న, పైకి చిప్ప కనిపించని పెద్ద నత్త ఇది) రకరకాల నాచులు పెట్టి చూశారు. ఫలితాలు 1993లో 'ఎకాలజీ' పత్రికలో వచ్చాయి. ఒకే రకం మేసినవాటికన్నా కలగలుపుగా మేసినవి బాగా పెరిగాయి. నిన్నటి దాకా ఏది తిన్నదో దాని మీద ఈరోజు ఆసక్తి తగ్గి, వేరేదాని వైపు మళ్లడం కూడా కనిపించింది. వరసగా మూడు రోజులు వంకాయ కూర పెడితే ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

దక్షిణాఫ్రికాలో అబలోన్ అనే ఖరీదైన మేత నత్తను పెంచే రైతులు ఇదే సూత్రాన్ని వ్యాపారంలో పెట్టారు. అక్కడ పాత అలవాటు కెల్ప్ అనే పెద్ద గోధుమ నాచును మాత్రమే వేయడం. దానికి ఉల్వా, గ్రాసిలేరియా కలిపి వేస్తే అబలోన్లు మెరుగ్గా పెరుగుతాయని అక్కడి పరీక్షల్లో తేలింది. ఆ ఉల్వాను పెంచేది కూడా అబలోన్ చెరువుల నుంచి బయటికి వచ్చే, నత్రజని నిండిన నీటిలోనే.

అయితే కలగలుపు ప్రతిసారీ గెలుస్తుందనుకుంటే పొరపాటు. ఇలాంటి ప్రయోగాలను పెద్ద సంఖ్యలో పోగుచేసి 2013లో జోనథన్ లెఫ్‌చెక్, సహచరులు చేసిన విశ్లేషణ ఒక నిదానమైన జవాబు ఇచ్చింది. కలిపి తిన్న జీవులు, ఒంటి రకం మేతల సగటుకన్నా బాగున్నాయి. ఆ ఒంటి రకాల్లో అన్నిటికన్నా మంచిదానితో పోలిస్తే మాత్రం ప్రత్యేకమైన లాభమేమీ కనిపించలేదు. దీని అర్థం జాగ్రత్తగా చూడాలి. నత్తకు ఏది అత్యుత్తమ నాచో ఎవరూ చెప్పరు. ఆ నాచు అన్ని నెలల్లోనూ దొరకదు. విశాఖ నాచుల్లో కొన్ని ఏడాది పొడవునా ఉంటాయి, కొన్ని కొద్ది నెలలు కనిపించి మాయమవుతాయి. రకాలు ఎక్కువ ఉన్న రాతి మీద, ఏ నెలలోనైనా మంచిది కనీసం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. నత్తకు దక్కే లాభంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుందనిపిస్తుంది.

ఒకే రకంతో హాయిగా బతికేవీ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ఒక లింపెట్ రాల్ఫ్సియా అనే పొరలాంటి నాచును తన చుట్టూ తోటలా కాపాడుకుంటూ, ఇతర నాచులను గీరి పారేస్తూ, దాన్నే కోసుకుని తింటుంది. ఇక అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో ఆంఫితో లాంజిమానా అనే ఆంఫిపాడ్ కథ వేరు. చేపలు ముట్టని చేదు డిక్టియోటాలో అది కాపురం పెట్టి, దాన్నే తింటుంది. మేతగా గొప్పది కాకపోయినా ఇల్లుగా అది క్షేమం. 1990ల తొలి ఏళ్లలో ఎమ్మెట్ డఫీ, మార్క్ హే చేసిన ప్రయోగాలు ఈ సంగతిని బయటపెట్టాయి. ఎదగాలంటే ముందు బతికి ఉండాలి. నాచు రకాలు తగ్గితే తగ్గేది కూరలే కాదు, గదులు కూడా.

నత్త చేతిలో తోట

ఇంతవరకూ నాచు వల్ల నత్తకేమవుతుందో చూశాం. నత్త వల్ల నాచుకేమవుతుందో చూడకపోతే కథ సగమే. ఈ విషయంలో ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచిన ప్రయోగం 1978లో ప్రచురితమైంది. చేసింది జేన్ లుబ్‌చెంకో, తరవాతి కాలంలో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు అధిపతి అయినావిడే. న్యూ ఇంగ్లండ్ తీరంలో రాళ్ల మధ్య నీరు నిలిచే గుంటల్లో లిట్టొరినా నత్తలు ఉంటాయి. వాటికి ఇష్టమైనది ఎంటెరోమార్ఫా అనే మెత్తని ఆకుపచ్చ నాచు. ఇష్టం లేనిది ఐరిష్ మాస్ అనే తోలు నాచు. నత్తలు కిక్కిరిసిన గుంటలో ఐరిష్ మాస్ మాత్రమే మిగిలింది. నత్తలు కొద్దిగా ఉన్న గుంటను ఎంటెరోమార్ఫా పూర్తిగా కమ్మేసింది. లుబ్‌చెంకో ఒక గుంటలోని నత్తలను మరో గుంటలోకి మార్చి చూశారు. గుంటల రూపం కూడా అటుదిటు, ఇటుదటు మారింది. అత్యధిక రకాలు కనిపించింది నత్తలు మధ్యస్థంగా ఉన్న గుంటల్లో.

నీరు దిగితే ఆరిపోయే బయటి రాళ్ల మీద మాత్రం ఇదే నత్త, ఇదే మేత వేరే ఫలితం ఇచ్చాయి. అక్కడ పోటీలో గెలిచేవి నత్తకు ఇష్టం లేని తోలు నాచులు. నత్త తినేది ఓడిపోయేవాటిని. కాబట్టి నత్తలు పెరిగేకొద్దీ రకాలు తగ్గుతూ పోయాయి. పోటీలో గెలిచే నాచునే నత్త ఇష్టపడితే అది తోటమాలి. ఓడేదాన్ని ఇష్టపడితే అది తోట పాడుచేసే మేక.

మేసేవి పూర్తిగా పోతే ఏమవుతుందో 1967లో బ్రిటన్ అనుకోకుండా చూసింది. టోరీ కాన్యన్ అనే చమురు ఓడ కార్న్‌వాల్ దగ్గర రాతికి తగిలింది. తీరానికి చేరిన చమురును కడగడానికి చల్లిన రసాయనాలు లింపెట్లను మూకుమ్మడిగా చంపాయి. కొద్ది నెలల్లో రాళ్లన్నీ పచ్చబడ్డాయి, ఆపై గోధుమ నాచు అడవిలా కమ్మింది. ఆ తరవాత కొత్త లింపెట్లు లెక్కకు మించి పుట్టి, ఆ మేతంతా తినేసి, ఆకలితో చచ్చాయి. ఆ ఊగిసలాట తగ్గడానికి కొన్ని చోట్ల పదేళ్ల పైనే పట్టింది.

పచ్చగా ఉన్నంత మాత్రాన

విశాఖలో నగరపు గెడ్డలు మోసుకొచ్చే మురుగు నీరు సముద్రంలో కలిసే చోట్లున్నాయి. నత్రజని, ఫాస్ఫరస్ ఎక్కువైన నీటిలో వేగంగా పెరిగే ఉల్వా మిగతావాటిని తోసేయడం ప్రపంచంలో చాలా తీరాలు చూసిన సంగతే. 2008లో ఒలింపిక్ పడవ పోటీలకు ముందు చైనాలోని చింగ్‌దావ్ తీరంలో పది లక్షల టన్నులకు పైగా ఆకుపచ్చ నాచును ఎత్తిపోయాల్సి వచ్చింది. అలాంటి రాయి దూరం నుంచి మరింత పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. నత్త వైపు నుంచి చూస్తే, విస్తరి నిండా ఒకే కూర. పచ్చదనాన్ని ఉపగ్రహం కొలవగలదు. రకాలను మాత్రం రాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాల్సిందే.

మరోవైపు నాచు సాగుకు ప్రభుత్వ ప్రోత్సాహం పెరుగుతోంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఈ రంగానికి 640 కోట్ల రూపాయలు కేటాయించారు. తీరప్రాంత మహిళలకు ఇది మంచి ఆదాయ మార్గం, తమిళనాడులో చాలా కుటుంబాలు దీని మీద బతుకుతున్నాయి. కాకపోతే ఇప్పటివరకు మన దేశంలో ప్రధానంగా సాగవుతున్నది కప్పాఫైకస్ అనే ఒకే ఒక్క ఎర్ర నాచు, అదీ బయటి నుంచి తెచ్చినది. మన్నార్ సింధుశాఖలోని కురుసడై ద్వీపం దగ్గర అది తెప్పలు దాటి పగడాల మీద పాకిందని 2008లో 'కరెంట్ సైన్స్'లో పరిశోధకులు నమోదు చేశారు. మన తీరాల్లో సహజంగా పెరిగే నాచులు ఎనిమిది వందల రకాలకు పైనే. వాటిలో గ్రాసిలేరియా వంటివాటిని కూడా సాగులోకి తెస్తే రైతుకూ ఒక్క పంట మీది ప్రమాదం తగ్గుతుంది. ఎక్కడ తెప్పలు కట్టినా, పక్క రాళ్ల మీద ముందు ఏమేమి ఉన్నాయో రాసిపెట్టుకోకపోతే, తరవాత ఏం మారిందో చెప్పడానికి ఆధారం ఉండదు.

రాసిపెట్టడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. అర మీటరు చదరపు చట్రం, ఒక నోటు పుస్తకం, ఫోను కెమెరా చాలు. చట్రంలో పడిన నాచు రకాలెన్ని, ఒక్కొక్కటి ఎంత మేర పరుచుకుంది, లింపెట్లు ఎన్ని, వాటి చిప్పల పొడవెంత అన్నది ప్రతి నెలా అదే చోట నమోదు చేయాలి. తిప్పి చూసిన రాయిని మళ్లీ ఉన్నట్టే పెట్టాలి, దాని అడుగున బతికేవి ఎండకు ఆగలేవు. బంగాళాఖాతంలో సముద్ర మట్టం అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగా, మార్చి ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. కాబట్టి సర్గాసమ్ దాకా దిగి లెక్కపెట్టడానికి అనువైనవి శివరాత్రి తరవాత ఉగాది దాకా వచ్చే పున్నమి, అమావాస్యల ఆటు వేళలు.